చార్మినార్ గుమ్మంలో అక్షరం

పాత నాణెం కొనేవాళ్లు ఈ రోజుల్లో నాణేన్ని కాక దాని పక్కనున్న చీటీని చదువుతున్నారు. అమెరికాలో 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడు ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు మొదలయ్యాక ప్రపంచమంతా పాకిన పద్ధతి ఇది. నిపుణులు నాణేన్ని పరీక్షించి, 70కి ఎన్ని మార్కులో తేల్చి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి పంపుతారు. దాన్నే స్లాబ్ అంటాం. ఏ రాజు, ఏ సంవత్సరం, ఎన్ని మార్కులు అన్నీ లోపలి చీటీ మీదే ఉంటాయి. మరి ఆ చీటీయే తప్పయితే?

ఈమధ్య విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కాఫీ హోటల్లో తెలిసిన కుర్రాడొకడు ఒక స్లాబ్ బల్ల మీద పెట్టి ఇదే అడిగాడు. "మాస్టారూ, లేబుల్ తప్పు పడితే రేటు పెరుగుద్దంట గదండీ, నిజమేనా?"

లోపలున్నది నిజాం వెండి రూపాయి, చార్మినార్ బొమ్మది. చీటీ మీద మహబూబ్ అలీ ఖాన్ పేరు, హిజ్రీ 1329. నేను చీటీ వదిలేసి, ఫోన్ లైటు ఏటవాలుగా పట్టి, చార్మినార్ నడిమి గుమ్మంలోకి చూశాను. అక్కడ ఆవగింజంత అరబీ అక్షరం ఒకటి ఉంటుంది. మహబూబ్ నాణెమైతే మీమ్, ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే ఐన్. ఇందులో మీమ్‌కుండే గుండ్రటి తల లేదు. తోక లేని పొట్టి ఐన్ ఉంది. వెనక్కి తిప్పితే పాలనా సంవత్సరం 1. మహబూబ్‌దైతే ఆ చోట నలభై దాటిన అంకె ఉండాలి. ఆయన పోయింది 1911 ఆగస్టు 29న. హిజ్రీ 1329లో కొంత తండ్రి పాలన, కొంత కొడుకుది. చీటీ రాసినవారు సంవత్సరం చూసి ఆగిపోయారు. నిజాం నాణేల మీద 92 అనే అంకె కూడా కనిపిస్తుంది. అది ముహమ్మద్ అన్న పేరులోని అక్షరాల విలువల మొత్తం. తెలియనివాళ్లు దాన్నీ సంవత్సరమే అనుకుంటారు.

కుర్రాడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. చీటీలో తప్పు పడినంత మాత్రాన నాణెం విలువ పెరగదు. తప్పు లేబుళ్లు సరదాగా పోగుచేసేవాళ్లు లేకపోలేదు గాని, వాళ్లను నమ్ముకుని ధర కట్టకూడదు. అదే 1911లో అచ్చయిన అయిదో జార్జి రూపాయి తీసుకోండి. రాజు అంగీ మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవైంది. చాలావరకు వెనక్కి తెప్పించి కరిగించారు, మరుసటి ఏడు ఏనుగును సరిగ్గా చెక్కించారు. ఆ తప్పు అచ్చులోనే ఉంది, ఇక ఎవరూ మళ్లీ చేయలేరు, అందుకే దానికి ధర. చీటీ మీద తప్పు రేపు ఇంకో ప్రింటర్‌లో మళ్లీ పడుతుంది.

పోనీ తగ్గుతుందా? నాణేనికి తగ్గదు, యజమానికి తగ్గవచ్చు. పొట్టి ఐన్ రూపాయి మామూలు మహబూబ్ రూపాయి కంటే అరుదు. చీటీ చూసి అమ్మితే అమ్మినవాడు మునుగుతాడు. సాధారణ నాణేనికి అరుదైన పేరు పడితే మునిగేది కొన్నవాడు. కంపెనీ గ్యారంటీ ఉంది కదా అనుకోవద్దు. కంటికి తెలిసిపోయే లేబుల్ తప్పులకు అది వర్తించదని పెద్ద కంపెనీల షరతుల్లోనే ఉంటుంది. వెనక్కి పంపితే చీటీ మార్చి ఇస్తారు. కానీ పంపడమెలా? 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని మనబోటివాళ్లు దేశం దాటించడం నేరం. అమెరికా కొలెక్టరుకు పోస్టాఫీసుకు వెళ్లినంత పని, మనకు ఆ దారి లేదు. తప్పు చీటీతోనే ఆ రూపాయి ఇక్కడ చేతులు మారాలి, ప్రతి బేరంలోనూ యజమాని సంజాయిషీ చెప్పుకోవాలి. నాకు బాధ కలిగించేది ఇదే. మన గడ్డ మీద పుట్టిన నాణెం పేరు ఎక్కడో తప్పు రాస్తే, అక్కడికి పంపి సరిదిద్దించుకునే వీలు మనకే లేకపోయింది.

అందుకే నాణెం చదవడం నేర్చుకోవాలంటాను. ఈ రూపాయలు మనకు పరాయివీ కావు. ఒకప్పుడు జగ్గయ్యపేట దాటితే నిజాం రాజ్యమే. అక్కడి ఏడు హాలీ రూపాయలు ఇక్కడి ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానం. అంటే ఇక్కడి వందకు అక్కడి నూటపదహారు చిల్లర. చదివింపుల్లో నూటపదహార్లు ఆ మారకం నుంచే వచ్చాయని పెద్దలు అంటారు. సరిహద్దు ఊళ్ల బీరువాల్లో ఇప్పటికీ ఒకటీ అరా దొరుకుతూనే ఉంటాయి.

తప్పు చీటీ ఉన్న స్లాబ్ అమ్మేవాళ్లు ఆ సంగతి బిల్లు మీద రాసివ్వండి. కొనేవాళ్లు గుమ్మంలో అక్షరం, వెనక అంకె చూశాకే ధర మాట్లాడండి. ఇంట్లో విడి రూపాయి ఉంటే భూతద్దంతో చూసుకోండి, చింతపండు పెట్టి మాత్రం తోమకండి. తోమిన నాణేనికి గ్రేడింగ్ కంపెనీలు మార్కులు వేయవు, శుభ్రం చేసినదని చీటీ రాసి పంపేస్తాయి. ఆ చీటీలో మాత్రం తప్పుండదు.