శిల, ఉక్కు, కాంక్రీటు: ఛాయాచిత్రమున పరిసర ప్రాధాన్యము

ఒక వస్తువుయొక్క ఛాయాచిత్రమును పరీక్షించునపుడు విమర్శకుడు రెండు ప్రశ్నలు వేసికొనవలసియున్నది. ఇందు వస్తువు స్పష్టముగ కనబడుచున్నదా? ఆ వస్తువు నిలిచిన చోటు కనబడుచున్నదా? మొదటి ప్రశ్నకు లభించిన యాదరము రెండవదానికి లభించుట లేదు. మనుష్యుని చిత్రమునందు ఈ లోపము అంతగా బాధింపదు. ముఖమే కొంత కథ చెప్పును. శిలాఫలకము, ఉక్కు కట్టడము, కాంక్రీటు పలక నోరులేని వస్తువులు. వానికి పరిసరమే నోరు. ఈ మూడింటిని చిత్రించిన ప్రసిద్ధుల పద్ధతులను పరామర్శించి, వానిని మన కోలారు సీమకు అన్వయించి చూచుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విచారమునకు తమక తగిన చోటు. కోలారు పట్టణమునకు చేరువగా, బెంగుళూరునుండి ముళబాగిలు వైపు పోవు రాజమార్గమున నున్న ఈ యూరిలో శిల, ఉక్కు, కాంక్రీటు మూడును ఒక్క చూపున కందును. దూరమున అంతరగంగ కొండల బండలు. దగ్గర పారిశ్రామికవాడ కొట్టముల ఉక్కు దూలములు. ఆసుపత్రి, కళాశాలల కాంక్రీటు అంతస్తులు. ఈ సీమ పొలములకు నిలువుగా పాతిన రాతి పలకలే పూర్వము కంచెలు. నేడు వాని సరసనే అచ్చుపోసిన కాంక్రీటు పలకల గోడలు లేచుచున్నవి. ఇచటికి ఆగ్నేయమున సుమారు 30 కిలోమీటర్ల దూరమున బంగారు గనులు గలవు. ఇన్ని విధములైన పలకలున్న సీమలో వానిని చిత్రించు పద్ధతిని గూర్చి యోచించుట అనావశ్యకము కాదు.

ముందుగా శిలను గూర్చి. తెలుగువారి శిలాఫలకములలో లోకప్రసిద్ధములైనవి అమరావతి స్తూపమునందలి చలువరాతి పలకలు. 1797లో కాలిన్ మెకంజీ అమరావతిని దర్శించెను. మరల 1816 నుండి ఆతని యాధ్వర్యమున పలకలకు చిత్తరువులు వ్రాయబడెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి తీసిన పలకలు మదరాసుకు చేరినవి. అచట 1858లో మదరాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడైన లిన్నేయస్ ట్రైప్ వానికి ఛాయాచిత్రములు తీసెను. మరుసటి సంవత్సరము అందు పెక్కు పలకలు ఓడ నెక్కి లండను నగరమునకు పోయెను. తెలుగు శిల్పమును ఛాయాచిత్రమున బంధించిన తొలి ప్రయత్నములలో నొకటి కనుక ట్రైప్ కృషి మనకు పూజ్యము. ఆ చిత్రములలో ఉలిగీతలు సైతము తెలియును. రాతి చెక్కుళ్లు, విరుగుళ్లు దాపరికము లేక కనబడును.

అయినను ఆ చిత్రములలో నొక శూన్యము గలదు. పలకలున్నవి, స్తూపము లేదు. స్తూపమునందు ప్రతి పలకకును ఒక స్థానము గలదు. ప్రాకారమున లోవైపు పలక ప్రదక్షిణము చేయువాని ఎడమచేతి దిక్కున అతనితో నడచును. వెలుపలి పలక దూరమునుండి వచ్చువానిని పిలుచును. అండము నంటియున్న పలక తన పొరుగు పలకతో కలిసియే కథను పూర్తిచేయును. మదరాసు వస్తుశాలలో శకలము ప్రక్క శకలము చేర్చి తీసిన చిత్రమునకు ఈ వరుస తెలియదు. ఈ దోషము ట్రైప్‌ది కాదు. ఆతని చేతికి పలకలు వచ్చుసరికే స్థానము నశించెను. కాని ఫలితమును మనము అనుభవించుచున్నాము. ఏ పలక ఎచట నుండెనను చర్చ పండితులలో నేటికిని నడచుచునే యున్నది.

అదే ట్రైప్ అదే 1858లో తంజావూరి బృహదీశ్వరాలయమున వేరొక పని చేసెను. విమానపు అధిష్ఠానమున చెక్కిన శాసనమును అడుగడుగునకు జరుగుచు చిత్రించి, 21 చిత్రములను వరుసగా అతికి, ఒక పొడవైన చుట్టగా తయారుచేసెను. ఆ చుట్టను విప్పుచు పోయినచో గుడి ప్రక్కను నడచినట్లే యుండును. అక్షరము తన రాతిపై, రాయి తన గోడలో, గోడ తన గుడిలో నిలిచినది. ఒకే మనుష్యుడు, ఒకే పరికరము, ఒకే సంవత్సరము, భేదమంతయు పరిసరమునందే. ఈ రెండు కృతులను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి మన సిద్ధాంతమునకు వేరు నిదర్శన మక్కరలేదు.

నాగార్జునకొండ మరియొక పాఠము చెప్పుచున్నది. సాగరము నిండక పూర్వము 1954 నుండి 1960 వరకు ఆ లోయలో త్రవ్వకములు జరిగినవి. ఏ కట్టడ మెచట నున్నదో పటము గీసి, ఛాయాచిత్రములు తీసి, పిమ్మట ముఖ్యమైన వానిని కొండపైకిని, అనుపునకును తరలించి పునర్నిర్మించిరి. లోయ నేడు నీటి క్రింద నున్నది. ఐనను ఒక పలక ఏ విహారమునందు, ఏ చైత్యము చెంత దొరకినదో చెప్పగలుగుచున్నాము. అమరావతిలో స్థలము మిగిలి వరుస పోయినది. నాగార్జునకొండలో స్థలము పోయి వరుస మిగిలినది. వరుసను మిగిల్చినవి పటమును ఛాయాచిత్రమును.

ఇక మన జిల్లాకు వత్తము. బి. ఎల్. రైస్ 1905లో ప్రకటించిన 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' పదియవ సంపుటము కోలారు జిల్లా శాసనములకే కేటాయింపబడినది. కన్నడ, తమిళ, తెలుగు శాసనములు అందు గలవు. శాసనపాఠమును సేకరించుటకు తడి కాగితమును రాతిపై పరచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీయు పద్ధతి నేటికిని ఉత్తమమైనదే. కాని ఆ యచ్చులో అక్షరములే పడును. రాయి చెరువుకట్ట మీద నున్నదో, ఊరి పొలిమేర నున్నదో, ఏ దిక్కు చూచుచున్నదో అది చెప్పదు. వీరగల్లు విషయమున ఈ కొరత మరింత బాధాకరము. వీరగల్లున సాధారణముగ క్రింది యంతస్తున పోరు, నడుమ వీరుని గొనిపోవు అప్సరసలు, పైన శివలింగ సన్నిధి, సూర్యచంద్రులు నుండును. ఆవుల మందను కాపాడి చచ్చినవాని రాయి ఆ మంద మేసిన బీడు నెరుగును. ఆ బీడును చిత్రమునుండి తొలగించినచో వీరుడు మిగులును గాని అతడు దేనికై మరణించెనో మిగులదు.

ఇచట వెలుతురును గూర్చి నాలుగు మాటలు చెప్పవలయును. ఎండ రాతి ముఖమునకు సూటిగ ఎదురుపడునపుడు తీసిన శాసనచిత్రము పలుచోట్ల నిరర్థకము. ఎదుటి ఎండ అరిగిన గీతలను మింగివేయును. రాతి ముఖమును ఒరసికొని పోవు ఏటవాలు కిరణము అనుకూలము. ఉత్తరముఖమైన రాతికి ఎండ సులభముగ అబ్బదు. కాని కోలారు సుమారు 13 డిగ్రీల అక్షాంశమున నుండుటచే ఏప్రిల్ చివరనుండి ఆగస్టు నడిమివరకు మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి ఉత్తరముగ నుండును. ఆ నెలలలో ఆ రాతికిని కొంత యెండ దక్కును. అదియు చాలనిచో అద్దముతో ఎండను మళ్లింపవచ్చును, లేదా రాత్రివేళ ప్రక్కనుండి దీపము పట్టవచ్చును. అక్షరములను సుద్దతో దిద్దుట మాత్రము తగదు. దిద్దినవాడు చదివిన పాఠమే చిత్రమున పడును. రాయి చెప్పు పాఠము పడదు. అట్లే గ్రామస్థులు పూసిన పసుపు కుంకుమలను, సున్నమును చిత్రము కొరకు గీకివేయుటయు తగదు. ఆ పూత అక్షరములకు ఆటంకమే. కాని ఆ రాయి నేటికిని ఒక యూరి దైవమని చెప్పు సాక్ష్యమును అదే.

ఉక్కు విషయమున మనకు దారిచూపగలవారు జర్మను దంపతులు బెర్న్ట్ బెషర్, హిల్లా బెషర్. 1959 నుండి వారు గనుల గోపురములను, నీటి తొట్లను, కొలుములను దశాబ్దములపాటు చిత్రించిరి. మబ్బు పట్టిన ఆకాశము, ఎదుటి చూపు, నీడలేని వెలుతురు, మనుష్యులు లేని దృశ్యము వారి నియమములు. ఒకే జాతి కట్టడముల చిత్రములను వరుసలుగ పేర్చి, పోలికలను భేదములను చూపిరి. 1990లో వెనిస్ కళాప్రదర్శనమున వారికి శిల్పవిభాగపు బహుమానమే లభించినది. వారి నిష్ఠ శ్లాఘనీయము. కరగి తుక్కుగా పోనున్న కట్టడములకు వారి చిత్రములే శాశ్వతరూప మిచ్చినవి. ఐనను ఆ నియమములను మన గనులకు యథాతథముగ తెచ్చుట చాలదని నా యభిప్రాయము.

కారణము చెప్పెదను. గనిబావిపై నిలిచిన ఉక్కు గోపురమునకు రెండు కాళ్లు ఒకవైపునకు చాపబడి యుండును. అది అలంకారము కాదు. గోపురాగ్రమున నున్న చక్రముమీదుగా తాడు యంత్రశాలనుండి వచ్చి బావిలోనికి దిగును. ఆ యీడ్పును తట్టుకొనుటకే కాళ్లు యంత్రశాల దిక్కునకు చాపబడినవి. యంత్రశాలను వదలి గోపురమును మాత్రమే చిత్రించినచో ఆ కాళ్ల కర్థము లేదు. ఇక తాడు దింపినది ఎవరిని? 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినది మొదలు చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమలనుండి వచ్చిన తెలుగు, తమిళ కార్మికులు ఆ తాటిపై ప్రాణములుంచి దిగిరి. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. గోపురపు నీడలోనే వారి యిండ్ల వరుసలున్నవి. 2001లో గనులు మూతపడిన పిదప గోపురములకు త్రుప్పు పట్టినది. అస్తమించు సూర్యుని ఎదుట నల్లని నీడగ వానిని చూపు చిత్రములు నేడు విరివిగ వెలువడుచున్నవి. అవి అందముగ నుండును; కాని ఆ నల్లని నీడలో ఇండ్ల వరుసయు, సయనైడు దిబ్బయు, బెంగుళూరు పనికై తెల్లవారకమునుపే రైలునకు పరుగెత్తు మనుష్యుడును మాసిపోవుచున్నారు. దుఃఖమును సౌందర్యముగ మార్చుట కళకు తప్పు కాదు; దుఃఖముయొక్క కారణమును చెరపుట తప్పు.

గనిలోపలి సంగతి మరియు గంభీరము. లోతున రాతి యొత్తిడిని తట్టుటకు చెక్కిన గ్రానైటు గోడలను, ఉక్కు దూలములను, కాంక్రీటును వాడిరి. మన వ్యాసవిషయమైన మూడు పదార్థములును మనుష్యుని నెత్తిపై నిజముగ బరువు మోసిన చోటు అది. పంపులు నిలిచిపోవుటచే ఆ సొరంగములు నీట మునిగినవి. అచట తీసిన పాత చిత్రము ఏ కార్మికుని యింటి గోడకైనను వ్రేలాడుచున్నచో దానికి సాటి చిత్రము మరల తీయుట సాధ్యము కాదు.

కాంక్రీటును చిత్రించినవారిలో లూసియన్ ఎర్వే మాన్యుడు. లె కార్బూసియే నిర్మించిన చండీగఢ్ భవనములను 1950, 60 దశకములలో ఈతడు చిత్రించెను. గట్టి యెండ, కోసినట్టి నీడ ఈతని యాయుధములు. కాంక్రీటు పోసిన కొయ్య అచ్చుల ముద్ర గోడపై కనబడునట్లు చేసి, దానికి చర్మమువంటి జీవము నిచ్చెను. పెద్ద గోడ చెంత చిన్న మనుష్యాకృతిని నిలిపి కొలతను తెలిపిన చిత్రములును గలవు. ఇది గ్రహింపదగిన గుణము. కాని ఎర్వే పటమును కత్తిరించుటయందు అత్యంత సాహసి; పలుమారు భవనము రేఖాగణితమై మిగులును, ఊరు జారిపోవును. రాజధానిలో ఒక శిల్పి పేరు మీద నిలుచు భవనమునకు ఇది చెల్లును. తమకలో పేరు లేని మేస్త్రీ పోసిన పలకకు చెల్లదు. ఆ పలక గొప్పతనము, లేమి తెలియుటకు దాని ప్రక్కన అది త్రోసివేసిన రాతి కంచె కనబడవలెను. వానకు కారిన నల్లచార కనబడవలెను. అంచున పొడుచుకొనివచ్చిన ఇనుపకడ్డీ, దానిపై రేపటి యంతస్తునకై యింటివాడు పెట్టుకొన్న యాశ కనబడవలెను.

ఇచట ఒక యాక్షేపము రావచ్చును. పరిసరమునంతయు చేర్చినచో చిత్రము సంతవలె నగును గాని కళ కాదనియు, వస్తువును ఏకాంతమున నిలుపుటయే దృష్టిని నిశితము చేయుననియు కొందరనవచ్చును. ఇందు సత్యము లేకపోలేదు. ఏకాంతచిత్రము లేనిచో శాసనము చదువుట కష్టము. బెషర్ దంపతుల వరుసలు లేనిచో కట్టడముల జాతిభేదములు తెలియవు. నేను ఏకాంతచిత్రమును నిరాకరించుట లేదు. అదియే చాలునను మాటను నిరాకరించుచున్నాను. ఇటీవల బెంగుళూరు మిథిక్ సొసైటీవారు శాసనశిలల ఉబ్బెత్తు రూపమును యంత్రముతో నమోదు చేయుచున్నారు. అరిగిన అక్షరము అట్టి నమోదులో మరల చదువుటకు వచ్చును. అట్టి పనికిని రాయి నిలిచిన చోటి చిత్రము తోడైనపుడే సమగ్రత.

కావున ఒక్కొక్క పలకకు మూడు చిత్రములు కనీసము అవసరమని ప్రతిపాదించుచున్నాను. ఏటవాలు వెలుతురులో, కొలకర్రతో, పలక ముఖము ఒకటి. ఇరువది అడుగుల దూరమునుండి పలకను దాని పొరుగువానితో చూపునది రెండవది. పలకకు వెన్నుచేసి నిలిచి, పలక చూచుచున్న దిక్కును చూపునది మూడవది. ఈ మూడవ చిత్రమును ఎవరును తీయరు. వీరగల్లు వెయ్యేండ్లుగ చూచుచున్న దృశ్యమదియే. వెనుక ఊరి పేరు, దిక్కు, తేది, చెప్పినవారి మాట వ్రాయవలెను.

ఈ పనికి గొప్ప పరికరములు అక్కరలేదు. చేతి ఫోనుతో ఏ విద్యార్థియైనను చేయగలడు. రహదారి వెడల్పు చేయునాడు రాయి ఒకనాటి రాత్రి తొలగిపోవును. గోపురము తుక్కుగ తూచబడును. రాతి కంచె కంకరగ మారును. కోలారు సీమ తెలుగువారు తమ తమ యూళ్లలో ఈ మూడేసి చిత్రములను కూర్చుటకు పూనుకొన్నచో, అమరావతి విషయమున మన పెద్దలకు దక్కని వరుస మన పిల్లలకైనను దక్కును.