ఆకు దూస్తేనే మల్లె

మాఘమాసంలో మల్లెచెట్టును చూస్తే జాలేస్తుంది. సంక్రాంతి ముందునుంచే నీళ్ళు తగ్గించేస్తారు. పాదులో మట్టి నెర్రెలిస్తుంది. ఆపైన ఇంటి పెద్దావిడ పూనుకుని ఆకంతా దూసేస్తుంది. ఎండుపుల్లలు, ముదురు కొమ్మలు కత్తిరించి, చెట్టును మోకాలెత్తు మోడుగా నిలబెడుతుంది. కొత్తకోడలు చూస్తే చెట్టు పాడైపోయిందనే అనుకుంటుంది. ఫాల్గుణం దాటేసరికి ఆ మోడే చిగురు చిగురుకీ మొగ్గ వేస్తుంది.

ఇందులో చాదస్తమేమీ లేదు. మల్లె ముదురు కొమ్మ మీద పూయదు, కొత్త చిగురు మీదే మొగ్గ వేస్తుంది. చిగుళ్ళు ఎన్ని వస్తే మొగ్గలు అన్ని. కొన్నాళ్ళు దప్పిక పెడితే చెట్టు ఎదుగుదల ఆపుకుంటుంది. తర్వాత పాదు తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి, నిండా నీళ్ళు పెడితే కణుపు కణుపునా చిగురు తోసుకొస్తుంది. మల్లెలకు పేరుపడ్డ మైలవరం ప్రాంతంలో రైతులకు ఇది బతుకుతెరువు, పెరట్లో అదే పని ఒక చెట్టుకు జరుగుతుంది. మొక్క కావాలంటే విత్తనం కోసం వెతకరు, ఎందుకంటే మన మల్లెకు గింజ కట్టడం అరుదు. నేలకు దగ్గరగా ఉన్న కొమ్మను వంచి, మట్టి కప్పి, పైన రాయి పెడతారు. వేళ్ళు దిగాక కోసి వేరే చోట నాటుకుంటారు.

సాయంత్రం మల్లె విచ్చుతుంది, పక్కనే చంద్రకాంత కూడా తెరుచుకుంటుంది. పొద్దుగూకాక పూసే పూల వాసన రాత్రి తిరిగే రెక్కపురుగులకు దారి చూపిస్తుంది. పొడుగాటి తొండంతో పువ్వు ముందు గాల్లో నిలిచి తేనె పీల్చే చిమ్మట చంద్రకాంతకు రోజువారీ చుట్టం. లైటు వేసి చూసేవాళ్ళు తక్కువ కాబట్టి దాని సంగతి ఎవరికీ పట్టదు.

పగటి చుట్టాలు మాత్రం బాగానే కనిపిస్తాయి. ఎండాకాలం మొదట్లో మగ ఊదా తేనెపిట్ట నల్లగా, ఎండపడితే నీలంగా మెరుస్తూ మందారం చుట్టూ తిరుగుతుంది. ముక్కుతో పువ్వు మొదట్లో చిల్లుపెట్టి తేనె కాజేస్తుంది, పుప్పొడి పని మాత్రం చేయదు. గూడు కట్టేది ఆడపిట్ట. సన్నటి కొమ్మకో, బట్టలారేసే తీగకో వేలాడే సంచీలాంటి గూడు అది. ఎండుగడ్డి, బెరడు ముక్కలు, చెత్తాచెదారం అన్నిటినీ సాలెగూటి దారంతో అంటిస్తుంది. పక్కన ద్వారం, దానిపైన చిన్న చూరు. పిల్లలకు తేనె కాదు, పురుగులూ సాలీళ్ళూ పెడుతుంది. అందుకే ఉగాదికి బూజు దులిపేటప్పుడు ఇల్లంతా దులిపినా, పెరటిగోడ మూలను వదిలేస్తే పిట్టకు మేలు.

మునగపూత మీదికి గండుతుమ్మెద వస్తుంది. ఆ రొదకు పిల్లలు పారిపోతారు కానీ మగదానికి ముల్లే లేదు, ఆడది పట్టుకుంటే తప్ప కుట్టదు. మునగపూల మధ్య పుప్పొడి మోసేవాటిలో ఇదీ ముఖ్యమైనదే. ఎండిన కర్రలోనో, పందిరి వెదురులోనో తొలిచి కాపురం పెడుతుంది. పాత వెదురుబొంగును పొయ్యిలో పెట్టకుండా గోడవారన ఉంచితే చాలు.

అసలు గొడవంతా నిమ్మ, కరివేపాకు దగ్గర వస్తుంది. లేత ఆకు మీద నిమ్మ సీతాకోకచిలుక పెట్టిన గుండ్రటి గుడ్డు ఒకటి, దానిలోంచి నల్లటి ఒంటి మీద తెల్లమచ్చతో చిన్న పురుగు. దూరం నుంచి చూస్తే అచ్చం పిట్టరెట్టే, అందుకే పిట్టలు దాని జోలికి పోవు. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. వేలితో తాకితే తల వెనకనుంచి రెండు పాయల మెత్తటి కొమ్ము చాపి ఘాటైన వాసన వదులుతుంది. కరివేపాకుకు బెంగపడి మందు కొట్టేవాళ్ళు ఇక్కడే తొందరపడతారు. నాలుగు రెమ్మలు పోయినా కాస్త ఎదిగిన చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. కానీ ఆ మందుతో నిమ్మ సీతాకోకచిలుకా పోతుంది, తేనెపిట్ట పిల్లల తిండీ పోతుంది. మొక్క మరీ చిన్నదైతే పురుగును చేత్తో తీసి పెద్ద చెట్టుమీద వేయవచ్చు.

నీళ్ళ విషయంలో పాతకాలం ఇల్లాళ్ళు పొదుపరులు. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకుకు, గిన్నెలు కడిగిన నీళ్ళు అరటికి. ఇప్పటి సబ్బు నీళ్ళు అలా పోయడం మంచిది కాదు కానీ, బియ్యం కడుగునీటికి ఇబ్బంది లేదు. ఎండుటాకులు ఊడ్చి తగలబెట్టకుండా పాదులో పరిస్తే తడి ఆరదు. పైగా ఆకుల కింద పురుగుల కోసం తొండలు, కప్పలు చేరతాయి.

పెరడు లేని ఫ్లాటులో కూడా ఇందులో సగం చేయవచ్చు. ఎండ తగిలే బాల్కనీలో ఒక మల్లె కుండీ, ఒక కరివేపాకు కుండీ చాలు. వెడల్పాటి మట్టిమూకుడులో రెండు రాళ్ళు వేసి, తేనెటీగలు వాలేటట్టు పలుచగా నీళ్ళు పోయండి, దోమలు చేరకుండా రోజూ మార్చండి. మల్లెకు ఆకు దూయడం ఈ ఏడు మరిచిపోయి ఉంటే, వచ్చే సంక్రాంతికి కత్తెర తీయండి.