మేజపై ముద్రణము: గుణదోషవిచారము

ఇంటి కంప్యూటరుతోఁ బుటలఁ గూర్చు విద్య ముద్రణపు సొంపును జెఱచినదని కొందఱందురు. ఈ యాక్షేపము విచారింపఁదగినది.

1984లో అమెరికాలో వెలువడిన మెకింటాషు కంప్యూటరు తెరపై నంగుళమునకు 72 చుక్కలు. ఆ నాఁటి యక్షరములు చుక్కల కూర్పులే. వానిని ఇమేజ్‌రైటరు సిరా రిబ్బనుపై సూదులతోఁ గొట్టి యచ్చొత్తెడిది. కావున వంపులు మెట్లుమెట్లుగాఁ గానవచ్చెడివి. 1985లో లేజర్‌రైటరు వచ్చి యంగుళమునకు 300 చుక్కలను నిలిపెను. దానిలోని పోస్టుస్క్రిప్టు భాష యక్షరమును వంపుగీఁతలుగా వర్ణింపఁగలదు. ఆ యేఁటనే ఆల్డసు సంస్థవారి పేజిమేకరు, వ్రాయువానికే పుటను దీర్చు నధికారము నిచ్చెను.

దోష మెచ్చటిది? యంత్రమునందుఁ గాదు. మొదటి లేజర్‌రైటరునం దున్నవి టైమ్సు, హెల్వెటికా, కొరియరు, సింబలు అను నాలుగు కుటుంబములే. అందు మొదటి రెండును అచ్చుశాలలలో నదివఱకే పేరొందినవి. ఒక్క పుటలోఁ బలు రూపములఁ గ్రుమ్మరించినవాఁడు ప్రయోక్తయే. ఇది యలంకారముల నన్నింటి నొక్క పద్యమునఁ జొప్పించు కవి దోషమువంటిది. క్షేమేంద్రుఁడు ప్రతిపాదించిన యౌచిత్యమే దీనికిని మందు.

అయినను ఆక్షేపకుల మాట యంతయు వ్యర్థము గాదు. కంపోజిటరు ఏండ్లతరబడి సీసపుటక్షరములతోఁ బడసిన పరిమాణజ్ఞానమును క్రొత్త పరికరము తనతోఁ దేలేదు. కూర్చువాఁడు దానిని దానే సంపాదింపవలసి వచ్చెను. కావున నీ విద్యను నిందించుటకంటెఁ బాఠశాలలలోఁ బుటవిన్యాసమును నేర్పుట మేలు.