రొదలో బాణీ

పంక్ సంగీతం పేరెత్తితే మన పెద్దలు ముఖం చిట్లించేవారు. రంగు వేసిన జుట్టు, చిరుగుల చొక్కాలు, చెవులు చిల్లులుపడే గోల - ఇంతకు మించి అందులో ఏముందని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పడానికి గోల చేసినవారందరినీ వెనకేసుకు రానక్కరలేదు. మాంచెస్టర్ వారి బజ్‌కాక్స్ బృందం ఒక్కటి చాలు.

బోల్టన్‌లో చదువుకుంటున్న పీట్ షెల్లీ, హోవర్డ్ డెవోటో 1976లో ఈ బృందాన్ని ప్రారంభించారు. సెక్స్ పిస్టల్స్‌ను ఆ ఏడు జూన్‌లో మాంచెస్టర్‌కు రప్పించి కచేరీ పెట్టించినదీ వీరే. 1977 జనవరిలో, ఏ కంపెనీ గుమ్మమూ తొక్కకుండా, అయినవారి దగ్గర అప్పుచేసిన సుమారు 500 పౌన్లతో 'స్పైరల్ స్క్రాచ్' అనే నాలుగు పాటల రికార్డు వేసుకున్నారు. మొదట వేసినవి వెయ్యి ప్రతులు. మొత్తం మీద 16,000 దాకా అమ్ముడుపోయాయి. చందాలు పోగుచేసి, సైక్లోస్టైల్ తిప్పి, సంచికలు మడిచి తపాలాలో వేసిన సంఘాల వారికి ఈ సాహసం విలువ ఒకరు చెప్పనక్కరలేదు.

రికార్డు వచ్చిన కొద్ది వారాలకే డెవోటో తప్పుకున్నాడు. షెల్లీ గాయకుడయ్యాడు. అదే వీరి అదృష్టమని నా అభిప్రాయం. షెల్లీది కండ ఉన్న గొంతు కాదు. కాస్త సన్నగా, మారాం చేసే పిల్లవాడిలా ఉంటుంది. వీధులను, ప్రభుత్వాలను తిట్టడానికి ఆ గొంతు పనికిరాదు. దక్కని ప్రేమను గురించి తనను తానే దెప్పుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. అతని పాటల్లో ఎక్కువ భాగం 'నేను', 'నువ్వు'ల మధ్యనే నడుస్తాయి. ఆ 'నువ్వు' ఆడా మగా అన్నది కావాలనే చెప్పడు. ఎవరు విన్నా ఆ బాధ తమదే అనుకునే వీలు అక్కడ ఉంది.

ఇక వాద్యాల సంగతి. షెల్లీ, స్టీవ్ డిగిల్ ల రెండు గిటార్లు రంపపు కోతలా ఆగకుండా సాగుతాయి. పదహారేళ్ళకే బృందంలో చేరిన జాన్ మార్ డ్రమ్ములు వాటిని తరుముతాయి. ఆ పరుగు పైన మాత్రం ఒక్కసారి వింటే నోటికి వచ్చే వరస తేలుతుంది. 1978లో బ్రిటిష్ పట్టికలో 12వ స్థానానికి చేరిన 'ఎవర్ ఫాలెన్ ఇన్ లవ్' అందుకు మంచి ఉదాహరణ. చరణం దిగులుగా ఎత్తుకుంటుంది. పల్లవికి వచ్చేసరికి తెరిపిస్తుంది. మూడు నిమిషాలు నిండకుండానే ముగుస్తుంది. 1987లో ఫైన్ యంగ్ కానిబాల్స్ వారు దీన్నే వేరే నడకలో పాడి 9వ స్థానానికి చేర్చారు. రొద తీసేసినా నిలబడిందంటే అందులో బాణీ ఉన్నట్టే కదా!

లోపాలు లేవని కాదు. మొదటి పెద్ద సింగిల్‌ను బి.బి.సి. ప్రసారం చేయలేదు, దాని పేరు ఇక్కడ రాయడానికి నాకూ మొహమాటమే. 1978లోనే రెండు ఆల్బములు తెచ్చారు. రెండవదానిలో తొందర కనిపిస్తుంది. 1981లో విడిపోయి 1989లో మళ్ళీ కలిశారు. ఆ తరువాతి రికార్డుల్లో వేగం ఉంది, పనితనం ఉంది. పాత పాటల్లోని ఆశ్చర్యం తక్కువ. షెల్లీ 2018 డిసెంబరులో ఎస్తోనియాలోని టాలిన్ నగరంలో 63వ ఏట మరణించాడు. డిగిల్ బృందాన్ని నిలిపి 2022లో మరో ఆల్బము తెచ్చాడు.

వినదలచినవారు 1979లో వచ్చిన 'సింగిల్స్ గోయింగ్ స్టెడీ'తో మొదలుపెట్టవచ్చు. ఒక వైపు ఎనిమిది సింగిల్స్, రెండో వైపు వాటి వెనుక పాటలు ఎనిమిది.

1978లో మేడమీద గదిలో తలుపు వేసుకుని ఈ పాటలు విన్న పిల్లలు ఇప్పుడు అరవై దాటినవారు. తమ మనవల గదుల్లోంచి వచ్చే చప్పుడుకు ముఖం చిట్లించే వంతు వారికి వచ్చింది. చిట్లించే ముందు ఒక్క పరీక్ష చేయమని నా మనవి: పాట ఆగిన తరువాత వరస నోట్లో మిగిలిందా? మిగిలితే తలుపు తట్టి, ఎవరు పాడారని అడగండి.