వాటా ఉన్నవాడే పగవాడు

మా కావలిలో శత్రువులు ఉండరు. మాటల్లేనివాళ్ళు ఉంటారు. "వాళ్ళకీ మాకూ మాటల్లేవు" అంటే చాలు, విన్నవాళ్ళు ఇంకేమీ అడగరు. పెళ్ళి పత్రిక ఆ గడప తొక్కదనీ, బజార్లో ఎదురుపడితే ఎవరో ఒకరు అటు తిరిగి అంగడి బోర్డు చదువుకుంటారనీ అర్థమైపోతుంది. ఇంకాస్త ముదిరితే "పడదు", "గిట్టదు". శత్రువనే మాటని సినిమా పోస్టర్లకీ సరిహద్దు వార్తలకీ వదిలేశాం.

వారం వారం రాసేవాడికి మాటలే సరుకు. ఏ మాట మీద అనుమానం వచ్చినా ముందు నిఘంటువు తీయడం నాకు అలవాటు. పగవాడికి మనకున్న పేర్లు చూస్తే గంపెడు: పగతుడు, వైరి, అరి, రిపువు, విరోధి. వీటిలో సగం పద్యంలో గణాలు సరిపోవడానికే బతికున్నాయేమోనని నా అనుమానం. నన్ను ఆపేసింది మాత్రం 'దాయ'. శబ్దరత్నాకరం దానికి జ్ఞాతి అనీ, శత్రువు అనీ రెండర్థాలు చెబుతుంది. పెదనాన్న కొడుకూ వాడే, పగవాడూ వాడే.

ఇది మన తెలుగువాళ్ళ వక్రబుద్ధి అనుకోనక్కర్లేదు. సంస్కృతంలో 'భ్రాతృవ్యుడు' అంటే అన్నదమ్ముల కొడుకు. అదే మాటకు శత్రువనే అర్థమూ ఉంది. ఆ రెండో అర్థం కోసం పాణిని ప్రత్యేకంగా ఒక సూత్రమే రాశాడు. శత్రువుకు ఇంకో పేరు 'సపత్నుడు'. అది సపత్ని, అంటే సవతి, నుంచి పుట్టింది. ఒకే పొయ్యి, ఒకే మొగుడు, ఒకే ఆస్తి ఉన్నచోటే పగ మొదలవుతుందని ఆ మాటలు పెట్టినవాళ్ళకి బాగా తెలుసు.

స్కాట్లాండు వాళ్ళది ఇంకో దారి. పాత స్కాట్స్ భాషలో 'ఫ్రెండ్' అంటే స్నేహితుడే కాదు, చుట్టం కూడా. శత్రువును వాళ్ళు 'అన్‌ఫ్రెండ్' అన్నారు. ఫేస్‌బుక్ పుణ్యమా అని ఇప్పుడు మన పిల్లలు అనే ఆ మాట అక్కడ శతాబ్దాల కిందటిది. దొరకీ అతని మనిషికీ మధ్య రాసుకున్న ఒప్పందాల్లో, నీ మిత్రులు నాకు మిత్రులు, నీ పగవాళ్ళు నాకు పగవాళ్ళు అని ప్రమాణం చేసేవారు. అక్కడ రక్తసంబంధం ఒక కోట, పగవాడు గోడ అవతలివాడు. మన దాయ గోడ ఇవతలే ఉన్నాడు. పైగా ఆ గోడలో సగం తనదంటాడు.

దాయం అంటే వాటా, దాయాది అంటే ఆ వాటా పుచ్చుకునేవాడు. పగకు కారణం పేరులోనే ఉంది కదా! ఇండియా, పాకిస్తాన్ క్రికెట్ ఆడితే మన పత్రికలు 'దాయాదుల పోరు' అని శీర్షిక పెడతాయి. చైనాతో ఎంత పేచీ ఉన్నా దాన్ని దాయాది దేశం అనరు. 1947లో చైనాతో మనం ఏమీ పంచుకోలేదు మరి. ఆ శీర్షిక పెట్టే సబ్‌ఎడిటరు నిఘంటువు చూసి పెట్టడు, చెవికి తోచి పెడతాడు. అయినా సరిగ్గా పెడతాడు.

ఈ మాట నేటికీ చెమటోడ్చే చోటు దస్తావేజు. పొలం అమ్మే కాగితంలో, ఇకమీదట నా వారసులు గానీ దాయాదులు గానీ ఎలాంటి తగాదా చేయరని రాయడం మామూలు. ఒకసారి లేఖరి బల్ల దగ్గర కొనే పెద్దాయన పక్కన కూర్చున్నాను. సర్వే నంబరు, హద్దులు, సొమ్ము, అన్నీ తలూపుతూ విన్నాడు. దాయాదుల దగ్గరికి రాగానే కాగితం మీద అరచెయ్యి ఆనించి, "ఆ ముక్క ఇంకోసారి చదువు నాయనా" అన్నాడు. లేఖరి చదివాడు. "వాళ్ళ సంతకాలు కూడా పెట్టించు" అన్నాడు పెద్దాయన. అమ్మేవాడి మొహం మాడిపోయింది. ఆ దాయాదులతో వాళ్ళకి మాటల్లేవు.

దాయాది జాబితా ఇప్పుడు పెరిగింది కూడా. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకూ మగపిల్లవాడితో సమానంగా హక్కు ఇస్తూ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా మన రాష్ట్రం చట్టం తెచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. న్యాయమైన పని, ఆలస్యంగా జరిగిన పని. అంతకుముందు పసుపుకుంకాల పేరుతో ఓ చీర చేతిలో పెట్టి పంపిన అన్నదమ్ములకు మాత్రం, అక్కచెల్లెలు వాటా అడిగిన రోజున ఆమెలో దాయాది కనిపిస్తోంది.

దాయాది వైరం గురించి మన జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధిని గద్దె దింపింది అక్కన, బయ్యన అనే దాయాదులేనని అంటారు. రాజ్యం తిరిగి ఇప్పించమని ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుణ్ణి అడిగింది తిక్కన. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కనకు కౌరవ పాండవుల తగువు పుస్తకంలో చదివిన సంగతి మాత్రమే కాదన్నమాట. ఆయన యుద్ధపర్వాలు చదివినప్పుడల్లా నాకు ఈ రాయబారమే గుర్తొస్తుంది.

ఇన్ని చెప్పాక ఒక మాట దాచకూడదు. ఇంట్లో మనిషి పోతే పది రోజుల మైల పట్టాల్సింది ఈ దాయాదులే. కోర్టులో వాయిదాల మీద వాయిదాలు తిరుగుతున్నవాళ్ళు కూడా పాడె లేచేటప్పుడు వచ్చి భుజం ఇస్తారు. ప్రాణస్నేహితుడు ఇంటికెళ్ళి స్నానం చేస్తే అతని మైల తీరిపోతుంది. దాయాదికి అలా తీరదు.

రామాయపట్నం పోర్టు మాట వచ్చినప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల సెంటు భూమి కూడా తగాదాకు తగినంత ఖరీదైపోయింది. కాబట్టి పాఠకులకు నా విన్నపం ఒక్కటే. ఇంట్లో పెద్దవాళ్ళు బతికుండగానే హద్దులు కొలిపించి, ఆడపిల్లల వాటాతో సహా భాగపరిష్కారం రాయించి రిజిస్టరు చేయించుకోండి.