ఉద్దానం మాట, ఇంగ్లిషు కాలం

ఇంగ్లిషు క్రియకు రూపభేదం వర్తమానం, భూతం అనే రెండు కాలాల్లోనే ఉంది. భవిష్యత్తును ఆ భాష ‘విల్’ వంటి సహాయక క్రియతో చెబుతుంది. తెలుగు వాడుకలో గీత మరోచోట పడుతుంది. పలాస జీడి కార్మికురాలు పప్పు మీది పొట్టు ‘తీసింది’ అంటే పని అయిపోయిందని అర్థం కాగా, ‘తీస్తుంది’ అనే ఒక్క రూపమే ఆమె రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ సరిపోతుంది. అలవాటునూ స్వభావాన్నీ తెలిపే ఈ అర్థాన్ని మన వ్యాకరణం తద్ధర్మం అంటుంది. ఇంగ్లిషు సామాన్య వర్తమానం ‘షీ పీల్స్’ ప్రధానంగా చెప్పేది ఈ తద్ధర్మాన్నే తప్ప, ఈ క్షణాన జరుగుతున్న పనిని కాదు. ‘తీస్తోంది’ అనదలిస్తే ‘షీ ఈజ్ పీలింగ్’ అనాలి.

భూతకాలం దగ్గర చిక్కు ఇంకా పెద్దది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుఫాను ఆ పరిసరాల్లోని ఉద్దానం ప్రాంతపు కొబ్బరి తోటలను కూల్చేసింది. తేదీ చెప్పిన ఈ వాక్యానికి ఇంగ్లిషులో ‘అప్‌రూటెడ్’ అనే సామాన్య భూతమే చెల్లుతుంది. ఆ మర్నాడు రైతు కూలిన చెట్ల మధ్య నిలబడి, తేదీ ఎత్తకుండా, కళ్లెదుటి నష్టాన్ని చెబితే ‘హ్యాజ్ అప్‌రూటెడ్’ అనవచ్చు. జరిగినదాన్ని ఇప్పటి స్థితితో ముడిపెట్టే ఈ రూపాన్నే ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ అంటారు. తెలుగులో రెండు చోట్లా ‘కూల్చేసింది’ చాలు.

కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానంలో కాలాల తేడా వైద్యుడికి చెప్పే మాటలోనూ వస్తుంది. ‘రెండేళ్లు డయాలసిస్ చేయించుకున్నాడు’ అంటే అది ముగిసిన సంగతి. ‘రెండేళ్లుగా చేయించుకుంటున్నాడు’ అంటే నేటికీ సాగుతున్నది. మొదటిదానికి ‘హ్యాడ్ డయాలసిస్’, రెండోదానికి ‘హ్యాజ్ బీన్ హ్యావింగ్ డయాలసిస్’ రావాలి. తెలుగులో ‘గా’ ప్రత్యయం, వర్తమాన క్రియ కలిసి మోసే భారాన్ని ఇంగ్లిషులో ‘హ్యాజ్ బీన్’ మోస్తుంది కనుక, ‘ఈజ్’ పెట్టి ‘సిన్స్ టూ ఇయర్స్’ తగిలిస్తే వాక్యం తప్పుతుంది. వ్యవధికి ‘ఫర్’, మొదలైన సమయానికి ‘సిన్స్’ వాడాలి.

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి, సవరల భాషను వారి నోటి నుంచే నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. జనం నోట ఉన్న భాషే చదువుకు పునాది కావాలన్న ఆయన పట్టుదల ఇంగ్లిషు పాఠానికీ వర్తిస్తుంది. టెక్కలి పిల్లలకు ‘చేయించుకున్నాడు’, ‘చేయించుకుంటున్నాడు’ అన్న మాటల మధ్య తేడా ఇంట్లోనే తెలుసు. ఆ తెలివిని ముందు గుర్తుచేసి, తరువాత ఇంగ్లిషు రూపాన్ని చూపితే, కంఠస్థం చేయించే పట్టికలు ఇవ్వలేని స్పష్టత వారికి దక్కుతుంది.