జాడీలో బెంగళూరు బ్లూ

అక్టోబరు నడిమికి వచ్చేసరికి బెంగళూరు శివాజీనగర్‌లోని రసెల్ మార్కెట్లో నల్లద్రాక్ష బేరాల తీరు మారుతుంది. అరకిలో, కిలో అడిగేవాళ్ల మధ్య ఐదు కిలోలు, పది కిలోలు అడిగేవాళ్లు కనబడతారు. ఒక కాయ నోట్లో వేసుకుని పుల్లగా ఉందని పక్కకు జరిగిపోరు. ఆ పులుపు కోసమే వచ్చారు. క్రిస్మస్ నాటికి ఆ ద్రాక్ష వైన్ కావాలి.

ఫ్రేజర్ టౌన్, కుక్ టౌన్, కాక్స్ టౌన్, లింగరాజపురం ప్రాంతాల్లోని ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో ఈ పని తరాలుగా నడుస్తోంది. 1882లో ఆంగ్లో ఇండియన్ల కోసమే వెలసిన వైట్‌ఫీల్డ్‌లోనూ అంతే. 2001లో కోలారు బంగారు గనులు మూతపడ్డాక అక్కడి కేజీఎఫ్ పట్టణం నుంచి బెంగళూరు చేరిన కుటుంబాలకూ ఇది కొత్తది కాదు. మంగళూరు కేథలిక్కులు, తమిళ, తెలుగు క్రైస్తవులు కూడా తమ తమ కొలతలతో జాడీలు నింపుతారు. పండుగనాడు ప్లమ్ కేకు, కుల్‌కుల్స్, మన గులాబీ పువ్వులు ఉన్న పళ్లెం పక్కన చిన్న గ్లాసుతో ఈ వైన్ వస్తుంది. వచ్చినవాళ్లు తాగి, తమ ఇంట్లోదానితో మనసులోనే పోల్చుకుంటారు. "ఈసారి కాస్త ఘాటెక్కింది ఆంటీ" అనే మాట తీర్పే. బెంగళూరులో ఏటా డిసెంబరు చివరి వారంలో ఇంటింటా జరిగే పెద్ద పోటీ ఇది. న్యాయనిర్ణేతల బల్ల లేదు, మార్కుల కాగితం లేదు. ఆ కాగితం ఉండాలని నా వాదన.

ముందు ద్రాక్ష సంగతి. ఈ నల్లద్రాక్ష పేరు బెంగళూరు బ్లూ, అమెరికా మూలాలున్న రకం. ఇతర దేశాల్లో దీన్ని ఇసబెల్లా అంటారు. తోలు మందం, గింజ పెద్దది, గుజ్జు జారుడుగా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పుమనే ఆ తీపి వాసనకు మిథైల్ ఆంథ్రనిలేట్ అనే పదార్థం ఒక కారణం. బెంగళూరు గ్రామీణ జిల్లా, చిక్కబళ్లాపురం, కోలారు జిల్లాల్లో పందిళ్ల మీద పాకిస్తారు. ఏడాదికి రెండు పంటలు. ఆ తోటల్లో చాలాచోట్ల రైతు, కూలీ మాట్లాడుకునేది తెలుగులోనే. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది.

వైన్ పండితులకు ఈ వాసన గిట్టదు. 1934లో ఫ్రాన్స్ ఇసబెల్లాతో సహా ఆరు రకాలను చట్టం చేసి మరీ నిషేధించింది. నంది కొండల దిగువన దొడ్డబళ్లాపురం దగ్గర గ్రోవర్ కుటుంబం వైన్ తోట వేసినప్పుడు కూడా ఫ్రెంచి రకాలనే నాటింది. కానీ పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో ఇసబెల్లాతో చేసే వైన్‌ను ఆ వాసన పేరుతోనే పిలిచి ఇష్టంగా తాగుతారు. ఆస్ట్రియాలోని బుర్గెన్‌లాండ్ రైతులు ఇలాంటి ద్రాక్షలతోనే చేసే ఉహుడ్లర్ అనే వైన్ కోసం ఏళ్ల తరబడి పోరాడి, 1992లో అమ్ముకునే అనుమతి సాధించారు. ఒకచోట లోపమనిపించింది మరోచోట ఊరి గుర్తు అయింది. బెంగళూరు ఇళ్లు ఈ విషయాన్ని ఎవరూ చెప్పకుండానే గ్రహించాయి.

ఇక చేసే తీరు. కాయలను ఒక్కొక్కటిగా తుంచి, మెత్తబడ్డవి ఏరేసి, కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెడతారు. ఆవకాయకు పట్టే జాగ్రత్తంతా ఇక్కడా పట్టాలి. జాడీకి, గరిటెకు, చేతికి తడి ఉండకూడదు. తర్వాత చేత్తోనే చిదుముతారు. మిక్సీలో వేస్తే గింజ పగిలి చేదు దిగుతుంది. కిలో ద్రాక్షకు ముప్పాతిక కిలో నుంచి కిలో దాకా చక్కెర, కాచి చల్లార్చిన నీళ్లు రెండు లీటర్లు, గుప్పెడు గోధుమలు, చెంచాడు ఈస్ట్, నాలుగు లవంగాలు, కాస్త దాల్చిన చెక్క. ఇది చాలా ఇళ్లలో వినబడే కొలత. జాడీ మూతికి గుడ్డ కడతారు, బిగించి మూత పెట్టరు. పులిసేటప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలి. దారి లేకపోతే జాడీ పగులుతుంది.

రెండో రోజుకో మూడో రోజుకో జాడీ మీద చెవి పెడితే సన్నగా చిటపటలు వినబడతాయి. తొక్కలన్నీ గ్యాసుతో పైకి తేలి మందంగా అట్టకడతాయి, దాని అంచుల వెంట ఊదారంగు నురగ ఎక్కుతుంది. అసలు పనితనం బయటపడేది ఇక్కడే. ఆ అట్టను రోజూ చెక్క గరిటెతో కిందికి నొక్కి కలపాలి. రంగు, వగరు ఉన్నవి తొక్కలోనే కాబట్టి అవి రసంలో మునిగి ఉండాలి. పైన ఎండిపోతే బూజు పడుతుంది, గాలి తగిలి వెనిగర్ సూక్ష్మజీవి చేరుతుంది. మొదటి వారం గాలి కాస్త తగిలినా ఈస్ట్‌కు మేలే, అది పెరగడానికి పనికొస్తుంది. పొంగు తగ్గాక అదే గాలి శత్రువు. వడగట్టిన వైన్‌ను సీసాలో మెడదాకా నింపమని పెద్దవాళ్లు పట్టుబట్టేది అందుకే. గోధుమలు వేయడం కూడా ఉత్త ఆచారం కాదు. నీళ్లతో పలచబడిన రసంలో ఈస్ట్‌కు నత్రజని తక్కువపడుతుంది, గోధుమ ఆ లోటును కొంత తీరుస్తుంది.

21 రోజులకు పల్చటి గుడ్డలో వడగడతారు. పిండకూడదు, కారినంతే తీసుకోవాలి. మడ్డి కిందికి దిగేదాకా ఆగి, పైన తేటను సన్నని గొట్టంతో వేరే సీసాలోకి దించుతారు. మబ్బు విడకపోతే గిలకొట్టిన గుడ్డు తెల్లసొన కొంచెం కలుపుతారు. అందులోని ప్రొటీను వగరునిచ్చే టానిన్లను పట్టుకుని అడుగున చేరుతుంది. రంగు చాలకపోతే మాడ్చిన చక్కెర పాకం పోసేవాళ్లున్నారు. నాకది నచ్చదు. ఈ ద్రాక్ష తొక్కకు ఉన్న రంగు చాలు. రోజూ నొక్కి కలిపితే పాకం అవసరం రాదు.

చక్కెర విషయంలోనూ నాకు పట్టుదల ఉంది. లీటరు రసంలో 17 గ్రాముల చక్కెర పులిస్తే సుమారు 1 శాతం ఆల్కహాల్ వస్తుంది. పైన చెప్పిన కొలతలో కిలో చక్కెర వేసి, అదంతా పులిస్తే దాదాపు 20 శాతం కావాలి. రొట్టెల ఈస్ట్ పది పన్నెండు శాతం దగ్గరే అలసి ఆగిపోతుంది. మిగిలిన తీపి గ్లాసులోకి వస్తుంది. ఆ తీపి అన్ని తప్పులనూ కప్పేస్తుంది కాబట్టే మంచి చేతికీ మామూలు చేతికీ తేడా తెలియకుండా పోతుంది. చక్కెర తగ్గించి, రెండు విడతలుగా వేసేవాళ్ల వైన్‌లో పండు పులుపు, లవంగం ఘాటు విడివిడిగా తెలుస్తాయి.

ఈ తేడాను కాగితం మీద పెట్టే పద్ధతి యాపిల్ రసం పులియబెట్టి సైడర్ చేసేవాళ్ల దగ్గర ఉంది. ఆ కథ బీరుతో మొదలవుతుంది. అమెరికాలో ఇంటి బీరుకు దారి తెరిచిన చట్టం మీద 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. మరుసటి ఏడే ఇంటి తయారీదారుల జాతీయ పోటీ మొదలైంది. తర్వాత అందులో సైడర్, తేనె పానీయం కూడా చేరాయి. మిషిగన్‌లో గ్రేట్ లేక్స్ పోటీ 2005 నుంచి ప్రత్యేకంగా సైడర్ కోసమే జరుగుతోంది. ఇలాంటి పోటీల్లో గ్లాసు మీద అంకె తప్ప పేరు ఉండదు. వాడుకలో ఉన్న ఒక పట్టికలో 50 మార్కులు: వాసనకు 10, చూపుకు 6, రుచికి 24, మొత్తం మీద కలిగిన భావానికి 10. పతకం కన్నా విలువైనది పక్కన రాసి ఇచ్చే నాలుగు వాక్యాలు. "వెనిగర్ వాసన తగిలింది, సీసాలో ఖాళీ ఎక్కువ వదిలి ఉంటారు" అని తెలిసినవాళ్లు రాసిస్తే వచ్చే ఏడు జాడీ బాగుపడుతుంది. పక్కింటి అతిథి మర్యాదకు ఆ మాట చెప్పరు.

మనకు అడ్డు చట్టమే. 1965 నాటి కర్ణాటక ఎక్సైజ్ చట్టం మత్తుపానీయం తయారీకి లైసెన్సు అడుగుతుంది. 2007లో రాష్ట్రం వైనరీల కోసం విధానం తెచ్చింది, ఇంటి జాడీ ఊసు ఎత్తలేదు. దాంతో ఈ విద్య వంటింటి గడప దాటి బహిరంగంగా నిలబడలేకపోతోంది. పిల్లలు ఆస్ట్రేలియాకో కెనడాకో వెళ్లిపోయిన ఇళ్లలో కొలతలు ఒక్కరి తలలోనే మిగిలాయి. కేజీఎఫ్‌లో పుట్టిన బ్రిజెట్ వైట్-కుమార్ ఆంగ్లో ఇండియన్ వంటలను పుస్తకాలకెక్కించారు కాబట్టి ఆ సంస్కృతి రుచులు కొంతైనా నిలిచాయి. పులియబెట్టే చేతి ఒడుపు మాత్రం కొలతలు రాసినంతలో అందదు. పక్కపక్కన పది గ్లాసులు పెట్టి రుచి చూస్తేనే పట్టుబడుతుంది.

అమ్మకం లేకుండా, ఇంటికి పరిమితమైన కొద్ది లీటర్లకు అనుమతి ఇస్తే చాలు. జనవరి మొదటి వారంలో ఏదైనా చర్చి హాల్లో పోటీ పెట్టొచ్చు. నియమాలు ఎక్కువ అక్కర్లేదు. బెంగళూరు బ్లూ తప్ప వేరే ద్రాక్ష వాడకూడదు. పాకం రంగు, బయటి మద్యం కలపకూడదు. తీపివి, తీపి తక్కువవి వేరువేరుగా రుచి చూడాలి. ప్రతి సీసా వెంట వచ్చే కాగితంలో ద్రాక్ష కొన్న తేదీ, చక్కెర కొలత, వడగట్టిన రోజు రాయాలి. దేవనహళ్లి దగ్గర విమానాశ్రయం వచ్చిన 2008 తర్వాత ఆ చుట్టుపక్కల పందిళ్ల స్థానంలో లేఅవుట్లు లేస్తున్నాయి కాబట్టి, కాయ ఏ ఊరి తోటదో ఆ పేరు కూడా అదే కాగితం మీద ఉండాలి.